చెమట పట్టని పిల్ల, చల్లబడని మిషను

నాకు చెమట పట్టదు. పుట్టుకతోనే అంతే. ఈ మాట చెబితే చాలామంది "అదృష్టవంతురాలివి" అంటారు. అలా అన్న ప్రతివాళ్ళతోనూ ఒకప్పుడు పోట్లాటకి దిగేదాన్ని, ఇప్పుడు ఓపిక లేక ఊరుకుంటున్నాను. చెమట పట్టకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. ఎండలో నాలుగడుగులు వేస్తే మీకు చొక్కా తడుస్తుంది, నాకు జ్వరం వస్తుంది. నాకు నాలుగేళ్ళప్పుడు బందరులో ఒక పెద్ద డాక్టరుగారు ఈ సంగతి కనిపెట్టి చెప్పారు. అప్పటిదాకా మావాళ్ళు ప్రతి వేసవిలోనూ నాకు దిష్టి తగులుతోందనే అనుకున్నారు. మోపిదేవి తీసుకెళ్ళి పుట్టలో పాలు పోయించారు. ఆ పుట్ట నాకు గుర్తులేదు. తిరిగొస్తుంటే బస్సులో నేను స్పృహ తప్పానని, అమ్మ దారిలో సోడాలు కొని నా నెత్తిన గుమ్మరించిందని మాత్రం మా ఇంట్లో వెయ్యిసార్లు విన్నాను.

మాది గుడివాడ. ఇంటిని ఆనుకునే నాన్నగారి రైసుమిల్లు. ఫాల్గుణం వెళ్ళిందంటే నా బతుకు ఒక గదిలోకి వచ్చిపడేది. ఆ గది కిటికీలకి బయటనుంచి వట్టివేళ్ళ తడికలు కట్టేవారు. పాలేరు గంటకోసారి బకెట్టుతో వాటి మీద నీళ్ళు కొట్టేవాడు. వడగాలి ఆ తడి వేళ్ళలోంచి దూరి వచ్చేసరికి చల్లబడి, మంచి వాసనతో లోపలికి వచ్చేది. నన్ను తడిపిన పెడన దుప్పట్లో చుట్టి ఫ్యాను కింద కూర్చోబెట్టేవారు. ఆ వేషంలోనే లెక్కలు చేశాను, ఆ వేషంలోనే అన్నం తిన్నాను. పెళ్ళిళ్ళూ పేరంటాలూ వేసవిలోనే గనక నేను పదమూడేళ్ళదాకా ఒక్క పెళ్ళి కూడా చూడలేదు. లడ్డూలు మాత్రం గదిలోకే వచ్చేవి.

ఆ పదమూడో ఏడే అక్కకి సంబంధం కుదిరింది. ఇది అరవైల్లో మాట. వైశాఖంలో ముహూర్తం, పొద్దున్న పదకొండింటికి. పెళ్ళికూతురి పక్కన తోడిపెళ్ళికూతురిగా చెల్లెల్ని కూర్చోబెట్టడం మా ఇంటి ఆనవాయితీ. అక్కతోపాటే మంగళస్నానం, పారాణి, బుగ్గన చుక్క, అక్కతోపాటే పీటల దగ్గర చోటు. అక్కకి చెల్లెల్ని నేనొక్కదాన్నే. అయినా సంబంధం ఖాయమైన రోజునే పెద్దవాళ్ళంతా నాకు వినపడదనుకుని, పామర్రులో ఉన్న పిన్ని కూతుర్ని కూర్చోబెడదామని మాట్లాడుకున్నారు. తప్పు వాళ్ళది కాదు. వైశాఖం ఎండలో, పందిట్లో, హోమం పక్కన నన్ను కూర్చోబెట్టడమంటే నన్ను చంపుకోవడమే. అదంతా నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం రాదని ఎవరన్నారు? ఆ రోజు అన్నం పళ్ళెం తోసేశాను.

అక్క ఏం చెప్పిందో నాకు తెలియదు గానీ, ఆ తర్వాతి వారం నాన్నగారు మద్రాసు వెళ్ళి ఎయిర్ కండిషనరు కొనుక్కొచ్చారు. అప్పటికి మా ఊళ్ళో ఇంకెవరి ఇంట్లోనైనా అది ఉన్నట్టు నేను వినలేదు. నా గదికి మిల్లు దొడ్డివైపున్న కిటికీ చట్రం కోసి, దాన్ని అందులో బిగించారు. సగం గదిలోకి, సగం దొడ్లోకి. మేం దాన్ని మిషను అనే పిలిచేవాళ్ళం. నాన్నగారి ఆలోచన సులువైనదే. పందిరి ఇంటి వాకిట్లోనే వేస్తారు. నేను తడి బట్టలతో పావుగంట పీటల దగ్గర కూర్చుని, గదిలోకి వచ్చి చల్లబడి, మళ్ళీ వెళ్ళి కూర్చోవచ్చు.

మొదటి రెండు వారాలు నేను స్వర్గంలో ఉన్నాను. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి వేసవిలో దుప్పటి కప్పుకున్నాను, తడిది కాదు, పొడిది. వచ్చినవాళ్ళంతా గదిలోకి తొంగిచూసి, మిషను ముందు చెయ్యి పెట్టి, "అబ్బో" అని వెళ్ళేవారు. కొంతమంది కూర్చుండిపోయేవారు కూడా. అందులో ఒకరిద్దరిని నేనే లేపి పంపించాను.

ఉగాది వెళ్ళాక ఆ చల్లదనం తగ్గడం మొదలుపెట్టింది. ఒక్కరోజులో పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. మిషను తిరుగుతూనే ఉంది. గాలి వస్తూనే ఉంది. ఆ గాలిలో చల్లదనం మాత్రం లేదు. "ఎండలు ముదిరాయి మరి" అన్నారు అందరూ. చైత్రం సగానికి వచ్చేసరికి నేను మళ్ళీ పెడన దుప్పట్లోకి వెళ్ళిపోయాను.

నాన్నగారు బెజవాడ మెకానిక్కుకి కబురు చేశారు. ఆయన ఎండ తగ్గాక, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వచ్చారు. ముందు మూత ఊడదీసి, లోపలి జల్లెడ కడిగి బిగించారు. చెవి పెట్టి విన్నారు. గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూశారు.

"గ్యాసు పోయిందండీ. ఇక్కడ పని కాదు. మద్రాసు పంపాలి. ఓ నెల్లాళ్ళు పడుతుంది" అన్నారు.

పెళ్ళికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. మిషను వెనక్కి వచ్చేసరికి అక్క అత్తవారింట్లో ఉంటుంది. మెకానిక్కు వారం తర్వాత వచ్చి, మిషను విప్పి, పెట్టెలో సర్ది రైలుకి ఎక్కిస్తానని వెళ్ళిపోయారు. నన్ను మావయ్యతో ఊటీ పంపాలని మర్నాడే నిర్ణయమైంది. పామర్రు పిన్నికి ఉత్తరం వెళ్ళింది. నాలుగు రోజుల్లో జవాబు కూడా వచ్చింది, అమ్మాయికి పట్టు పరికిణీ కుట్టించేశామని. ఆ పరికిణీ రంగు కూడా రాశారు. ఆకుపచ్చట. ఆ ఉత్తరం అమ్మ చదువుతుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

పోట్లాడ్డానికి మనుషులెవరూ దొరక్క మిషనుతో పోట్లాట పెట్టుకున్నాను. పొద్దస్తమానం దాని ముందు కూర్చునేదాన్ని నేనే కదా, దాని గుట్టు నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? ముందు దాని చప్పుడు విన్నాను. అందులో రెండు చప్పుళ్ళున్నాయి. ఒకటి ఫ్యానుది, ఎప్పుడూ ఉండేదే. రెండోది దాని కింద లావుగా, మెల్లిగా మూలిగే చప్పుడు. ఆ రెండోది ఉన్నట్టుండి 'టక్' అని ఆగిపోతోంది. ఫ్యాను మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది. కాసేపయ్యాక మూలుగు మళ్ళీ మొదలు. గోడగడియారం చూసి పలక మీద రాసుకున్నాను. మూలుగున్నంతసేపూ గాలిలో కాస్తో కూస్తో చల్లదనం ఉంది. టక్ మన్నాక వట్టి ఫ్యాను గాలే. పొద్దున్నపూట టక్ లేదు. ఎనిమిది దాటాక మొదలవుతోంది. మధ్యాహ్నానికి మూలుగు కంటే టక్ తర్వాతి మౌనమే ఎక్కువ.

ఎండ వల్లేనని నేనూ అనుకుందును. అయితే ఆ వారంలోనే ఒకరోజు పాలేరు పనిలోకి రాలేదు. అమ్మ వంటింట్లో అప్పడాల పనిలో పడి, తడికల సంగతే మర్చిపోయింది. ఆ రోజు ఎండ అంతా ఇంతా కాదు. అయినా మధ్యాహ్నం రెండింటికి కూడా గదిలో ఫరవాలేదు. పలక మీద మూడే టక్‌లున్నాయి. మర్నాడు మబ్బు పట్టింది, రెండు చినుకులు కూడా పడ్డాయి. పాలేరు వచ్చాడు, తడికలు కట్టాడు, నీళ్ళు కొట్టాడు. ఆ రోజు పలక మీద చోటు చాల్లేదు.

ఎండకీ దీనికీ సంబంధం లేదు. తడికకే ఉంది.

ఇక్కడ అమ్మ సంగతి చెప్పాలి. మిషను దొడ్లోకి పొడుచుకొచ్చిన చోట వెనకనుంచి వేడి గాలి కొడుతుంది. ఉగాదినాడు తడికలు కట్టిస్తూ అమ్మ అక్కడ చెయ్యి పెట్టి చూసింది. "అయ్యో, దీనికి ఒళ్ళు కాలిపోతోందే" అంది. మా ఇంట్లో ఒళ్ళు కాలితే చేసే వైద్యం ఒక్కటే. అన్ని కిటికీలతోపాటు మిషను వీపుకి కూడా మందపాటి వట్టివేళ్ళ తడిక ఒకటి బిగించి కట్టించి, గంటకోసారి నీళ్ళు కొట్టించడం మొదలుపెట్టింది. పొద్దు వాలగానే తడికలు చుట్టి పైకి కట్టేయడం అలవాటు గనక, సాయంత్రం వచ్చిన మెకానిక్కు కంట అది పడనేలేదు. ఆయన దొడ్లోకి వెళ్ళనూ లేదు.

నాకు మాత్రం నా ఎనిమిదో ఏటి వేసవి గుర్తొచ్చింది. అప్పుడోసారి కరెంటు పోయి ఫ్యాను ఆగితే, అమ్మ కంగారులో పెద్ద బొంత తడిపి నా మెడదాకా చుట్టేసి, వడగాలి రాకుండా తలుపులు కూడా మూసింది. ఐదు నిమిషాలు హాయిగా ఉంది. తర్వాత ఆ బొంతలో నేను ఉడికిపోయాను. తడి ఒక్కటే ఉంటే చాలదు, గాలి ఆడాలి. లోపలి వేడి బయటికి పోవడానికి దారి ఉండాలి. ఈ సంగతి డాక్టర్లు పుస్తకాల్లో చదువుకుంటారు, నేను బొంతలో నేర్చుకున్నాను. ఈ మిషను నా గదిలో వేడిని లాగి దొడ్లోకి పోస్తోంది, దానికి చెమట పట్టే చోటు ఆ వీపే. ఆ వీపుకి మేం బొంత చుట్టాం.

భోజనాల దగ్గర నాన్నగారితో చెప్పాను.

"మెకానిక్కు గ్యాసు పోయిందన్నాడు కదమ్మా" అన్నారు.

"ఆయన వెనక్కి వెళ్ళి చూడలేదు నాన్నగారూ. ఆ తడిక తీయించెయ్యండి. ఒక్కరోజు చూద్దాం."

"తడిక కడితే చల్లబడుతుంది గానీ వేడెక్కుతుందా? ఎవరన్నా వింటే నవ్వుతారు. ఆయన రోజూ చేసే పని అది. నువ్వు ఊటీకి బట్టలు సర్దుకో."

అమ్మ నా వైపు చూసి కంచంలో పెరుగు వేసింది. తను నా కోసం కట్టించిన తడికనే నేను తప్పు పడుతున్నాను కదా, మనసు కష్టపెట్టుకుందని నాకు తెలిసింది. తెలిసినా ఊరుకోలేకపోయాను. "మీకెవరికీ అక్కర్లేదు" అని లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే మెకానిక్కు వస్తారనగా, ఆ మధ్యాహ్నం నాన్నగారు భోంచేసి నడుం వాల్చారు. అమ్మ, అక్క, పేరంటాళ్ళు వసారాలో పసుపు కొమ్ములు మూటలు కడుతున్నారు. నేను మిషను స్విచ్చి కట్టేశాను. రెండు చెంబుల నీళ్ళు నెత్తిన పోసుకుని, దుప్పటి తడిపి కప్పుకుని, వంటింటి పెరట్లోంచి కొడవలి తీసుకుని దొడ్లోకి వెళ్ళాను. వైశాఖ మాసపు మధ్యాహ్నం నేను ఆరుబయట నిలబడడం అదే మొదలు. కాళ్ళకి చెప్పులున్నా నేల సుర్రుమంది. ముందు చెవులు హోరెత్తుతాయి, తర్వాత కళ్ళు పసుపు రంగుకి తిరుగుతాయి, ఆ తర్వాత నాకేమీ తెలియదు. చెవులు హోరెత్తగానే వెనక్కి వెళ్ళాలని నాకు నేను ఒట్టు పెట్టుకున్నాను.

రెండు తాళ్ళూ తెగ్గోశాను. నీళ్ళు తాగిన తడిక బరువుగా నా కాళ్ళ ముందు పడింది. దాని వెనక ఉన్నది చూసి ఎండ సంగతి మర్చిపోయాను. మిషను వీపంతా సన్నటి రేకులుండాలి. బిగించిన రోజు చూశాను, దువ్వెన పళ్ళలా ఉండేవి. ఇప్పుడు ఒక్క రేకూ కనిపించడం లేదు. మిల్లునుంచి ఎగిరొచ్చిన తవుడు, రోజూ కొట్టిన నీళ్ళకి తడిసి, వేడికి ఎండి, మళ్ళీ తడిసి, అట్టులా పట్టేసింది. పక్కల చిల్లుల్లో కూడా వట్టివేళ్ళ పీచు ఇరుక్కుంది. ఇంక గాలి ఎక్కణ్ణుంచి ఆడుతుంది?

గోడవార ఉన్న చీపురులోంచి నాలుగు పుల్లలు లాగి, రేకుల వెంట పైనుంచి కిందికి గీకడం మొదలుపెట్టాను. తవుడు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పడుతుంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. సగం అయ్యేసరికి చెవులు హోరెత్తాయి. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

అమ్మ ఎప్పుడొచ్చిందో తెలియదు. వెనకనుంచి నా రెక్క పట్టుకుంది. అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

"ఇంకొంచెం ఉందమ్మా" అన్నాను.

"పద లోపలికి."

"నేను ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు బొంత తడిపి చుట్టి తలుపులేశావు గుర్తుందా? దీనికీ అదే చేశామమ్మా. చూడు."

అమ్మ చూసింది. కింద పడ్డ తడికనీ, తవుడు పెళ్ళల్నీ, సగం బయటపడ్డ రేకుల్నీ చాలాసేపు చూసింది. ఆ బొంత సంగతి అమ్మ ఏనాడూ మర్చిపోలేదని నాకు అప్పుడు తెలిసింది. నన్ను గదిలోకి తీసుకొచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టి, నెత్తిన నీళ్ళు పోసింది. పోసి, కొంగు నడుముకి దోపుకుని, చీపురు పుల్లలు నా చేతిలోంచి తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయింది.

కిటికీ పక్క సందులోంచి పుల్లలు గీకుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. అరగంట గీకింది. తిరిగొచ్చేసరికి జాకెట్టు తడిసి ముద్దయింది, మొహమంతా తవుడు. స్విచ్చి తనే వేసింది.

ఇద్దరం మంచం మీద కూర్చుని వింటున్నాం. ఫ్యాను చప్పుడు వచ్చింది. దాని కింద మూలుగు వచ్చింది. గడియారం చూస్తున్నాను. ఐదు నిమిషాలు. పది. టక్ లేదు. పావుగంట దాటింది. మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను, ఏ క్షణాన టక్ మంటుందోనని. ఇరవై నిమిషాలకి అమ్మ రెండు చేతులూ దగ్గరికి తీసుకుని, "చలేస్తోందే" అంది.

నేను గట్టిగా ఏడ్చాను. అంత ఆనందం నాకు అంతకుముందు తెలియదు.

నాన్నగారు నిద్ర లేచి వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. మిషను ముందు చెయ్యి పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు.

"ఎవరొచ్చి బాగు చేశారు?" అన్నారు.

"మీ చిన్నమ్మాయి" అంది అమ్మ.

"గ్యాసు పోయిందన్నాడే."

"గ్యాసూ లేదు, గీసూ లేదండీ. నేను కట్టించిన తడికా, మీ మిల్లు తవుడూ. ఊటీ మానేస్తున్నామని మీ బావమరిదికి కబురు చెయ్యండి."

అమ్మ ఆయనతో అలా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. నాన్నగారు దొడ్లోకి వెళ్ళి చూసొచ్చి, తవుడు గొట్టం నోరు అవతలివైపుకి తిప్పమని మిల్లులో చెప్పారు.

మర్నాడు మెకానిక్కు పెట్టె వేయించుకుని బండితో సహా వచ్చారు. గదిలో అడుగుపెట్టగానే ఆయనకి అర్థమైంది. ఈసారి దొడ్లోకి వెళ్ళారు. నేను లోపల మంచం మీద, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి వచ్చి, "తడిక సంగతి ఎవరు కనిపెట్టారండీ?" అని నాన్నగారిని అడిగారు. నాన్నగారు నన్ను చూపించారు. నా పలక కూడా చూపించారు. మెకానిక్కు ఆ గీతలన్నీ చదివి, "నేను ఆరోజే వెనక్కి వెళ్ళి చూడాల్సిందమ్మా. తప్పు నాదే" అన్నారు. అంత పెద్ద మనిషి అలా అనేసరికి నా పొగరు సగం దిగిపోయింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది. ఆయన వీపు రేకుల్ని నీళ్ళతో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, బిగించి, ఖాళీ పెట్టెతోనే వెళ్ళిపోయారు.

పెళ్ళి రోజున నేను తోడిపెళ్ళికూతుర్ని. అక్కతోపాటు మంగళస్నానం చేశాను, పారాణి పెట్టించుకున్నాను. పరికిణీ ఓణీ కట్టించి, తల తడి ఆరకుండా పీటల దగ్గరికి తీసుకెళ్ళారు. పావుగంటకోసారి అమ్మ కళ్ళతో సైగ చేసేది. నేను లేచి గదిలోకి వెళ్ళి, మిషను ముందు నిలబడి, చల్లబడి వచ్చేదాన్ని. అలా నాలుగుసార్లు. ఆకుపచ్చ పరికిణీ పిల్ల నా పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరింది. ఆ పిల్ల మంచిదే. నేనే అన్యాయంగా తిట్టుకున్నాను. జీలకర్రా బెల్లం పెట్టే వేళకి, తాళి కట్టే వేళకి నేను అక్క పక్కనే ఉన్నాను. మూడో ముడి పడుతుంటే అక్క తల వంచుకునే, ఎవరికీ కనపడకుండా నా చెయ్యి పట్టుకుని నొక్కింది.

అప్పుడు తీసిన ఫోటో ఒకటి నా దగ్గరుంది. అందులో అక్కా, బావా, అమ్మా, నాన్నగారూ, పురోహితుడూ అందరూ చెమటతో మెరిసిపోతున్నారు. అమ్మకి కుంకుమ ముక్కు మీదికి కారింది. వాళ్ళందరి మధ్యలో పొడి మొహంతో ఉన్న పిల్లని నేనే. ఫోటో చూసినవాళ్ళు, "నువ్వొక్కదానివే ఎంత చల్లగా ఉన్నావో" అంటారు. అవునంటాను.